దిష్టి పొగ

మర్గిలాన్ బజారులో పట్టుబట్టల వరసకి హోసియత్ వచ్చిందంటే ముందు పొగ వచ్చేది, వెనకాలే దగ్గు వచ్చేది, ఆ తర్వాత మనిషి కనిపించేది. చేతిలో పిడి ఉన్న చిన్న ఇనప చట్టి, అందులో నాలుగు నిప్పులు, నడుముకి కట్టుకున్న సంచిలో ఎండిన ఇసిరిక్ పుల్లలు, గింజలు. కొట్టు ముందు ఆగి గుప్పెడు నిప్పుల మీద చల్లితే గింజలు చిటపటలాడి చేదు వాసనతో తెల్లటి పొగ లేచేది. దాన్ని గల్లాపెట్టె చుట్టూ, తానుల చుట్టూ, యజమాని తల చుట్టూ తిప్పి, "చూసిన కళ్ళు, చూడబోయే కళ్ళు, నవ్విన కళ్ళు, ఏడ్చిన కళ్ళు, అన్నీ ఇందులో కాలిపోవాలి" అని గొణిగి చేయి చాచేది.

ఆ చేతిలో ఏదో ఒకటి పడేది. తమ వేళ్ళు ఆమె వేళ్ళకి తగలకుండా పైనుంచి జారవిడిచేవారు. పొగ కావాలి, పొగ తెచ్చిన మనిషి అక్కర్లేదు. హోసియత్‌కి అది కొత్త కాదు. నిజానికి ఆ వరసలో వాళ్ళ చిన్నచూపు కంటే ఆమె చిన్నచూపే పెద్దది. నిన్న సాయంత్రం నైలాన్ కలిపిన బట్టని అసలు పట్టని చెప్పి ఎవరికో అంటగట్టినవాడు, ఇవాళ పొద్దున్నే దిష్టి తగలకూడదని కళ్ళు మూసుకుని, బానపొట్ట లోపలికి లాక్కుని, ఆమె ముందు తల వంచుకుని నిలబడేవాడు. ఆ బట్టతలల మీద పొగ తిప్పుతున్నంత సేపూ ఆమె పెదవి ఒక పక్కకి వంకరపోయి ఉండేది. అది మంత్రం గొణగడం అనుకునేవారు వాళ్ళు.

ఆమెకి లోకువ మనుషులే. పొగ కాదు. పొగని మాత్రం నమ్మేది. తల్లి చేతుల మీదుగా వచ్చిన నమ్మకం అది.

ఆ రోజు తోజిద్దీన్ కొట్టు దగ్గర ఆగేసరికి ఆయన అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమెకంటే చిన్నవాడే. అయినా బజారులో డబ్బు పెట్టేవాడు ఎప్పుడూ 'అకా', అంటే అన్నే; చేయి చాచేది 'అపా', అంటే అక్క.

"ముందు దీనికి వెయ్యి అపా. నా సంగతి తర్వాత," అన్నాడు పైకి చూపిస్తూ.

గుమ్మం పైన కొక్కేనికి పంజరం వేలాడుతోంది. అందులో అరచేతిలో పట్టేంత బూడిదరంగు చిలుక. తల మీద పసుపు పించం, చెంపల మీద నారింజరంగు చుక్కలు. ఆయన కూతురు ముచ్చటపడి పెంచుకున్నది. వేసవి మొదట్లో ఆ పిల్లకి పెళ్ళైపోయింది. అత్తవారు పిట్టని తేవద్దన్నారు. ఇంట్లో దాని పని చూసేవాళ్ళు లేక, కొట్టుకి అందంగా ఉంటుందని ఇక్కడ కట్టాడు. అప్పట్లో వరసంతా వినబడేట్టు ఈల వేసేది. ఇప్పుడు ఈకలు నిక్కబొడుచుకుని, కళ్ళు సగం మూసి, కర్ర మీద కూర్చుని ఉంది. ఉండుండి తుమ్మినట్టు తల విదిలిస్తోంది.

"రోజూ వేస్తూనే ఉన్నాను కదా అకా."

"చాలట్లేదు. పంజరం కింద పెట్టు. ఇంకా కిందకి. పొగ నేరుగా లోపలికి పోవాలి. ఎంతమంది ఆడాళ్ళొచ్చి 'అబ్బ, ఎంత బాగుందో' అన్నారో! దిష్టి తగలకుండా అని ఒక్కర్తన్నా నోటంట అనలేదు."

"అందరికంటే ఎక్కువసేపు చూసేది నువ్వేగా."

ఆయన నవ్వలేదు. హోసియత్ స్టూలు లాక్కుని, ఎక్కి, చట్టిని సరిగ్గా పంజరం కిందకి వచ్చేట్టు పట్టుకుంది. గింజలు ఇంకాసిని వేసింది. పొగ దట్టంగా లేచి పంజరం కనపడకుండా కమ్మేసింది. లోపల రెక్కలు ఒకసారి టపటపలాడాయి. పొగ పలచబడ్డాక చూస్తే చిలుక కర్ర మీద లేదు. అడుగున ఒక మూల ఒరిగి, నోరు తెరిచి ఉంది.

తోజిద్దీన్ మొహం పాలిపోయింది. జాలి పడ్డాడేమో అనుకుని హోసియత్ ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. జాలి కాదు. ఇంటి పీడని ఇంట్లో పెంచుకునే ప్రాణి తన మీదకి తీసుకుంటుందని, అది ఎక్కడ పోతే ఆ పీడ అక్కడే ఒలికిపోతుందని ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే.

"తీసుకుపో దీన్ని," అన్నాడు గొంతు తగ్గించి. "ఇక్కడ చావకూడదు. పంజరంతో సహా తీసుకుపో. దారిలో ఎక్కడన్నా వదిలెయ్."

"మీ అమ్మాయి అడిగితే?"

"ఎగిరిపోయిందని చెప్తా. ముందు నడువు నువ్వు. బేరాల వేళ ఇది."

నిన్నటిదాకా కొట్టుకి అందం, ఇవాళ చెత్త. థూ, అనుకుంది హోసియత్. పిట్ట మీద జాలేమీ కలగలేదామెకి. పంజరం మాత్రం బాగుంది. మంచి ఇత్తడి తీగ, కింద లాగి కడుక్కునే పళ్ళెం. పిట్ట ఎలాగూ రేపటికి పోతుంది, పంజరాన్ని టీ దుకాణంలో కౌజుపిట్టలు పెంచే ముసలాళ్ళు ఎవరైనా కొనుక్కుంటారు. ఒక చేత్తో చట్టి, ఒక చేత్తో పంజరం పట్టుకుని వరస దాటింది.

ఇసిరిక్ గింజలమ్మే ముహర్రం తన మసాలా గుట్టల వెనకనుంచి కేకేసింది. "ఏంటే హోసియత్, మనుషులయిపోయారా? పిట్టలకి కూడా తిప్పుతున్నావా?"

"మనుషుల కంటే నయమే. తుమ్ముతుంది గానీ బేరమాడదు."

"చచ్చేట్టుంది కదే అది!"

"పోనీలే. నీ మొహం చూశాక బతకాలనిపించలేదేమో."

ముహర్రం పడీ పడీ నవ్వింది. హోసియత్ నవ్వలేదు. దగ్గుకుంటూ ఇంటిదారి పట్టింది.

*

ద్రాక్షతీగ పందిరి వేసిన వాకిలి చుట్టూ నాలుగు గదులు. ఒకటి హోసియత్‌ది. ఎదురుగదిలో ఖుర్షిదా ఉంటుంది. పొద్దున్నే రొట్టెలు కాల్చి బజారులో అమ్ముకునే పిల్ల. హోసియత్ తన గదిలో ఎప్పుడూ ఇసిరిక్ వేసుకోదు. రోజంతా ముక్కుల్లో దూరిన ఆ వాసన ఇంటికొచ్చాక కూడా చూడాలంటే ఆమెకి వాంతి వచ్చినంత పని అయ్యేది. చట్టిని వీధి గోడ మీద బోర్లించి లోపలికి వెళ్ళింది.

పంజరం కిటికీ గట్టు మీద పెట్టి, కొర్రలు కాసిని, నీళ్ళు కాసిని పోసింది. పోస్తుంటే ఆ చిలుక ఉన్న ఓపికంతా కూడదీసుకుని ఎదురుమూలకి పాకి, రెక్కలు కాస్త విప్పి పాములా బుస్సుమంది.

హోసియత్ చేయి వెనక్కి తీసుకుంది. ఆమెకి ఒళ్ళు మండింది.

"ఓహో, తమరు కూడానా?" అంది. "నా చేయి తగిలితే మైలపడతారా? పట్టుబట్టల కొట్లో పెరిగిన బేగం గారు కదా! ఇక్కడ పరదాలు లేవు తల్లీ. చస్తే చావు. తింటే తిను."

మర్నాటికి చావలేదు. గింజల పొట్టు పంజరం నిండా ఎగిరి పడి ఉంది. అంటే తిన్నది. హోసియత్ మూతి తిప్పుకుని, నీళ్ళు మార్చి, కిటికీ రెక్క తెరిచిపెట్టి పనికి పోయింది. సాయంత్రం వస్తుంటే వాకిట్లోకే వినిపించింది, ఈల. సన్నగా, మధ్యలో విరిగిపోతూ, మళ్ళీ మొదలవుతూ. ఆమె తలుపు తీసి లోపల అడుగుపెట్టగానే ఆ ఈల టక్కున ఆగిపోయింది. చిలుక ఎదురుమూలకి పోయి కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. ఖుర్షిదా కిటికీ దగ్గరకెళ్ళి నిలబడితే పించం ఎత్తి పలకరిస్తుంది. హోసియత్ వస్తే ముడుచుకుపోతుంది.

"నువ్వంటే భయం ఖోలా దానికి," అంది ఖుర్షిదా. తల్లి అక్కచెల్లెళ్ళని పిలిచే ఆ పిలుపునే వాకిట్లో పెద్దవాళ్ళందరికీ వాడేది ఆ పిల్ల.

"భయం కాదు, పొగరు. తోజిద్దీన్ ముక్కు కూడా ఇలాగే ముడుచుకుంటుంది నన్ను చూస్తే. యజమాని బుద్ధే వచ్చింది దీనికి."

అయినా పంజరం అమ్మలేదు. టీ దుకాణంలో ముసలాయన ఒకడు అడిగితే, పిట్ట ఇంకా చావలేదని విసుక్కుంది. ఎందుకు చావలేదో తనకి అర్థం కాకపోవడం ఆమెకి చిరాకుగా ఉంది. నలుగురూ నెత్తిన పెట్టుకుని చూసినప్పుడు చావబోయింది. ఎవరికీ పట్టని గదిలో ఓ మూల పడేస్తే లేచి కూర్చుంది. బాగా తినడం మొదలుపెట్టింది కూడా. పంజరం పళ్ళెం కడగాల్సి వచ్చినప్పుడల్లా హోసియత్ దాన్ని తిట్టని తిట్టు తిట్టేది. "నేను మనుషుల పెంట ఎత్తింది చాలదని నీది కూడానా బేగం?" అనేది. అది తల ఒక పక్కకి వంచి, దూరంనుంచి శ్రద్ధగా వినేది.

*

సోమవారం బజారుకి సెలవు. హోసియత్ పొద్దున్నే స్నానాలశాలకి వెళ్ళి వేడి నీళ్ళలో మధ్యాహ్నం దాకా కూర్చుని, ఒళ్ళు రుద్దించుకుని, తలంటుకుని వచ్చింది. బజారు గౌనులు, తలగుడ్డలు అన్నీ బూడిద నీళ్ళలో నానబెట్టి ఉతికి పందిరి కింద ఆరేసింది. పెట్టె అడుగునుంచి పాత నూలు గౌను తీసి తొడుక్కుంది. చేతులు వెడల్పుగా ఉండే ఆ కాలం గౌను. పంజరం తలుపు తెరిచి, పళ్ళెం కడగడానికి లాగింది.

చిలుక మూలకి పోలేదు. కర్ర మీదనుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, తలుపు దగ్గర ఆగి, ఆమె చేతిని చూసింది. పించం సగం లేచింది. మరో అడుగు వేసింది. వేలి మీద ముక్కు ఆనించి రుచి చూసినట్టు నెమ్మదిగా కొరికింది. ఆ తర్వాత తల దించి, మెడ వంచి, అలాగే నిలబడిపోయింది.

"ఏంటి? ఏం కావాలి? దండం పెడుతున్నావా?"

తల ఇంకా వంచింది. హోసియత్ ఒక వేలు భయం భయంగా ఆ మెడ మీద ఆనించింది. అక్కడ కొత్త ఈకలు మొలుస్తున్నాయి. ఒక్కొక్కటి పొట్టు వదలని గింజలా గట్టి తొడుగులో ఉంది. గోళ్ళ మధ్య మెల్లిగా నలిపితే తొడుగు పొడై రాలిపోయి లోపలి మెత్తటి ఈక విచ్చుకుంది. చిలుక కళ్ళు మూసుకుంది. ఇంకోటి నలిపింది. తల అటు తిప్పింది అది. అటువైపువి కూడా నలిపింది. ఎంతసేపు చేసిందో ఆమెకే తెలియదు. పొయ్యి మీద టీ నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

ఆ తర్వాత అది ఆమె చేతి మీదకెక్కి, ముంజేతి దాకా నడిచి, గౌను చేతి కంతలోంచి లోపలికి తొంగి చూసి, దూరిపోయింది. చిన్న చిన్న గోళ్ళు చర్మం మీద గీరుకుంటూ పైకి పాకుతుంటే హోసియత్ కెవ్వున అరిచి, నవ్వి, కదిలితే నలుగుతుందేమోనని కొయ్యబొమ్మలా నిలబడిపోయింది. భుజం దాటి, మెడ దగ్గర, గౌను అంచులోంచి పసుపు పించం బయటికొచ్చింది. చిలుక ఆమె చెవి పక్కన కూర్చుని, ఆమె తడి జుట్టులోంచి ఒక పాయ లాగి నమిలింది.

"దరిద్రపుదానా," అంది హోసియత్. ఆ మాట ఆమె అంత మెత్తగా ఎప్పుడూ ఎవరినీ అనలేదు. ఆమెని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకొచ్చి ఎన్నేళ్ళయిందో! దగ్గు రాబోయింది. బజారులోనైతే దగ్గి ఉమ్మేసేది. ఇక్కడ అలాగే మింగేసింది.

అప్పుడే ఖుర్షిదా వేడి రొట్టె పట్టుకుని తలుపు తోసింది.

"అమ్మో ఖోలా! మీద కూర్చుందే! ఎంత ముద్దుగా ఉంది! బంగారు పిట్ట! ఇంత అందంగా అయిపోయిందేంటి!"

అంతే. దిష్టి తగలకుండా అన్న మాట లేదు, పక్కకి ఉమ్మడం లేదు. తోజిద్దీన్ కొట్లో ఆడవాళ్ళ మాటలే ఇవి. ఖుర్షిదా చేతిలో రొట్టె లాక్కుని ఆమెని పంపేసి, తలుపు మూసింది. చిలుకని పంజరంలో పెట్టింది. కిటికీ కూడా మూసింది, పొగ బయటికి పోకుండా. గోడ మీది చట్టి తెచ్చి పొయ్యిలోంచి నిప్పులు తోడింది. సంచీలో గింజలు కాదు, కొండమీద కోసినవి, ముహర్రం దగ్గర విడిగా కొని దాచుకున్నవి తీసింది. ఇన్నేళ్ళలో తన ఇంట్లో, తన కోసం వేసుకున్న మొదటి పొగ అది. చట్టి పంజరం కింద పెట్టి, "చూసిన కళ్ళు, నవ్విన కళ్ళు" అని బజారులో గొణిగినట్టు కాకుండా ఒక్కో కంటినీ పేరుపెట్టి పిలిచినట్టు చదివింది.

చిలుక కర్ర మీద ఊగింది. నోరు తెరిచింది. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందకీ పైకీ కొట్టుకుంది. దిష్టి దిగుతోంది అనుకుంది హోసియత్. ఇంకో గుప్పెడు వేసింది.

ధన్‌మని చప్పుడైంది.

పంజరం అడుగున అది వెల్లకిలా పడి ఉంది. ఒక కాలు గాలిలో వంకరగా ముడుచుకుని ఉంది. హోసియత్ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, తలుపు భుజంతో తోసుకుని పందిరి కిందకి పరుగెత్తింది. ఏం చెయ్యాలో తెలియక మొహం మీద ఊదింది. తన నోట్లోనూ అదే వాసన ఉందని గుర్తొచ్చి తల పక్కకి తిప్పుకుంది. ఖుర్షిదా పరుగున వచ్చి తలగుడ్డతో విసిరింది. మెత్తటి పొట్ట చాలాసేపు ఆగి ఆగి కదిలింది. తర్వాత ఆగకుండా కదిలింది. కళ్ళు తెరుచుకున్నాయి. కాలు హోసియత్ బొటనవేలిని పట్టుకుంది.

"హమ్మయ్య," అంది ఖుర్షిదా. "ఇంకాస్త పొగ వేద్దామా ఖోలా?"

హోసియత్ ఆమెని చూసింది. గదిలోంచి ఇంకా బయటికి వస్తున్న పొగని చూసింది.

వేసవంతా ఆ కొట్టు ముందు స్టూలు మీద తను చట్టి పట్టుకుని నిలబడింది. రెండుసార్లు తిప్పమంటే రెండుసార్లు, ఇంకా కిందకి అంటే ఇంకా కిందకి. అది తుమ్మితే ఇంకాస్త. పడిపోతే ఇంకాస్త. ఇంటికొచ్చాక పొగ లేదు, అది లేచి కూర్చుంది. సాయంత్రాలు మూలకి పోయింది తనని చూసి కాదు, తన బట్టల్ని చూసి. ఇవాళ ఒళ్ళు కడుక్కుంటే భుజమెక్కింది. పిల్లకాకికి కూడా అర్థమయ్యేట్టు రోజూ చెబుతూనే ఉంది ఆ పిట్ట. పొగరు అనుకుంది తను. తోజిద్దీన్‌ని తిట్టుకున్న తిట్లన్నీ ఆమెకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన విడిచిపెట్టి ఊరుకున్నాడు. ప్రాణం తియ్యబోయింది తను. అంతటితో ఆగక ఆయన్ని చూసి మూతి వంకర తిప్పుకుంది కూడా. ఆ వరసలో బట్టతలలన్నింటి కంటే బుద్ధి తక్కువది తనేనని తేలేసరికి, హోసియత్‌కి తన మీద తనకే ఉమ్మాలనిపించింది.

"వద్దు," అంది. "పో, నీ పని చూసుకో."

*

బజారు తెరిచిన రోజు ఆమె చట్టి పట్టుకుని వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? పొయ్యి వెలగాలి. పైగా మనుషులకి పొగ ఏం చేసిందని? కాకపోతే బయట పందిరి కింద ఆరేసిన బజారు గౌను తొడుక్కుని వెళ్ళింది, ఇంటి గౌను ఇంట్లోనే వదిలి.

వరసలో అడుగు పెట్టగానే నలుమూలల నుంచీ పిలుపులు. ఇటు రా అపా, ముందు మా కొట్టుకి, మావాడి తల చుట్టూ రెండుసార్లు. చేతిలో వేసేవాళ్ళ వేళ్ళు ఆమె వేళ్ళకి తగులుతున్నాయి. ఏమైందీ జనానికి అనుకుంటుంటే ముహర్రం చెప్పింది.

"పెద్దదానివైపోయావు కదే! చచ్చిన పిట్టని పొగ వేసి లేపావటగా. మీ వాకిట్లో ఖుర్షిదా కళ్ళారా చూసిందట. రొట్టెల వరసంతా అదే కథ. నా గింజలే అని చెప్పు అడిగినవాళ్ళకి."

హోసియత్ నోరు తెరిచి, మూసేసింది. తెలిసి నోరు మూసుకోవడం ఆమెకి కొత్త. ఆ పొద్దంతా తల వంచిన ప్రతివాడి చుట్టూ పొగ తిప్పింది గానీ పెదవి వంకర పోలేదు. ఎవరిని చూసి నవ్వాలో తెలియలేదు.

తోజిద్దీన్ కొట్లో పరుపు మీద ఆమెకి చోటు చూపించాడు. ఎన్నడూ లేనిది. ఎంత తక్కువ పోస్తే అక్కడ అంత మర్యాద కాబట్టి గిన్నె అడుగున కొంచెమే టీ పోసి, ఘనమైన అతిథికి ఇచ్చినట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని అందించాడు.

"లేచి తిరుగుతోందటగా! రేపు పట్రా. కొక్కెం అలాగే ఉంచాను."

"నాకిచ్చేశావు కదా అకా."

"చావబోయేది ఇచ్చాను. బతికింది నాది." ఆయన తన మాటకి తనే మురిసిపోయాడు. "ఇక రోజూ రెండు పూటలా దానికి పొగ వెయ్యి. జనం చూస్తారు. ఇదిగో, చచ్చి బతికిన పిట్ట, ఇదిగో బతికించిన అపా. నీకు పేరు, నాకు బేరం. ఏమంటావు?"

ఆమె గిన్నె కింద పెట్టింది. నిజం చెప్తే తన బతుకు ఈ వరసలో ఇవాళ్టితో సరి. చెప్పకపోతే ఆ మెత్తటి పొట్ట మళ్ళీ ఆగి ఆగి కదులుతుంది, తన చట్టి మీదే, నలుగురూ చూస్తుండగా. ఆమె వాళ్ళ తెలివి ఎంతో బాగా తెలిసిన మనిషి. ఆ తెలివితోనే కొడదామనుకుంది.

"తెస్తాను గానీ అకా," అంది గొంతు తగ్గించి, "అది నీ కొట్టు పీడంతా తాగేసింది. ఇప్పుడు దాని కడుపు నిండా అదే. తిరిగి ఇక్కడ వేలాడదీస్తే కక్కేస్తుందేమో."

తోజిద్దీన్ చప్పున వెనక్కి జరిగి, చొక్కా మెడలోకి మూడుసార్లు థూ థూ అని ఊశాడు. హోసియత్ లోపల నవ్వుకుంది. గెలిచింది. లేచి చట్టి అందుకుంది.

"పీడ తాగే పిట్టా?" ఎదుటి కొట్టునుంచి గాజు గిన్నెలమ్మే సాబిర్ వచ్చేశాడు. చెవులు పెద్దవి ఆయనకి. "అయితే ఓ వారం నా కొట్లో కట్టు అపా. నిరుటినుంచీ ఏం దింపినా పగిలే వస్తోంది."

"ముందు మా చెల్లెలింట్లో," అంది ముహర్రం మసాలాలు వదిలేసి వచ్చి. "ఎన్నాళ్ళనుంచో పిల్లల్లేరు దానికి. పక్కన పెట్టుకుని పడుకుంటే తాగేస్తుంది. కింద నా గింజల పొగ వేస్తూ ఉంటే ఇంకా తొందరగా తాగుతుంది."

"ఆగండెహె! అది నా పిట్ట!" తోజిద్దీన్‌కి ప్రాణం లేచొచ్చింది. "నా పీడ తాగింది. మిగిలి ఉన్నా నాదే తాగాలి ముందు. తాగి చస్తే చస్తుంది. ఇంకోటి కొంటాను."

చుట్టూ జనం మూగారు. ఒకడికి కోర్టు తగాదా, ఒకామెకి మోకాలి నొప్పి. అరచేతిలో పట్టేంత పిట్ట మీద ఎక్కించడానికి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో బస్తా ఉంది. హోసియత్ వాళ్ళ మొహాలు వరసగా చూసింది. ఎప్పటిలాగే అసహ్యం పొంగుకొచ్చింది. కానీ ఈసారి ఆ మాట వాళ్ళ నోట్లో పెట్టింది తనేనని తెలుసు కాబట్టి, నవ్వడానికి పెదవి రాలేదు.

"దానికి దిష్టీ లేదు, పీడా లేదు," అంది. గొంతు బొంగురుపోయింది. దగ్గి, మళ్ళీ అంది. "ఈ పొగ పడదు దానికి. అంతే. వేసవంతా దాని ముక్కు కింద ఈ చట్టి పెట్టి నేనే ఊపిరి తీశాను. ఇంట్లో పొగ లేకపోతే లేచింది. నిన్న మళ్ళీ వేశాను, మళ్ళీ పడిపోయింది. గాలికి లేచింది. నా పొగకి కాదు."

సాబిర్ కిసుక్కున నవ్వాడు. "పిట్టని ఇవ్వకుండా ఉండటానికి ఎన్ని వేషాలే! ఇప్పుడేగా పీడన్నావు?"

"అది అబద్ధం. ఇది నిజం."

"నోరు ముయ్యవే!" ముహర్రం మొహం ఎర్రబడింది. "ఇసిరిక్‌ని పట్టుకుని అలాంటి మాటలు! కళ్ళు పోతాయి. తిన్న తిండి మర్చిపోయావా?"

"మరి ఇన్నేళ్ళు మా నెత్తిన తిప్పావేం?" అన్నాడు తోజిద్దీన్. ఆయన గొంతులో ఇప్పుడు 'అపా' లేదు.

"మీకేం కాదులే అకా. మీరు పిట్టలు కారు."

అని, కొట్ల ముందు పారే కాలవ దగ్గరకెళ్ళి చట్టి వంచింది. నిప్పులు సుయ్యిమని నల్లబడి, ఉల్లిపొరలతో, పుచ్చకాయ తొక్కలతో కలిసి కొట్టుకుపోయాయి. కొట్టు ముందు నిప్పులు నీళ్ళలో పొయ్యడం! జనం ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. తోజిద్దీన్ గుమ్మం తలుపు రెక్క సగం మూసేశాడు.

"పో! ఆ పిట్టా వద్దు, నువ్వూ వద్దు. ఈ వరసలో మళ్ళీ కాలు పెట్టకు!"

ఆమె మాట ఒక్కరూ నమ్మలేదు. అపశకునం మాత్రం అందరూ నమ్మారు. మధ్యాహ్నం తిరక్కుండానే ముహర్రం ఇంకో చట్టి సంపాదించి, ఇంకో ముసలమ్మ చేతిలో పెట్టి, పట్టుబట్టల వరసకి తోలింది.

*

"నా మాట అబద్ధం చేశావు కదా ఖోలా," అని ఖుర్షిదా అలిగింది. అలిగినా రొట్టె తెచ్చింది. "ఇప్పుడేం తింటావు? చలికాలం వస్తోంది."

"పెళ్ళిళ్ళు కూడా వస్తున్నాయిగా. బొంతలు కుడతా. ఒకప్పుడు కుట్టినదాన్నే."

"నీకు కళ్ళు కనపడొద్దూ? పైగా నువ్వు కుట్టిన బొంత ఎవరు కప్పుకుంటారు ఇంత జరిగాక?"

"చలేస్తే కప్పుకుంటారులే. మనుషుల సంగతి నాకు చెప్తావా?"

అంది గానీ ఆ మాటలో ఎప్పటి పదును లేదు. ఖుర్షిదా వెళ్ళాక హోసియత్ వాకిట్లో కుళాయి కింద కూర్చుంది. చన్నీళ్ళు. తలగుడ్డ విప్పి, సబ్బు పట్టించి, జుట్టు కడిగింది. మళ్ళీ కడిగింది. గోళ్ళ కింద నల్లగా పట్టేసిన మసిని పుల్లతో తీసింది. మెడ, మోచేతులు, చెవుల వెనక. పళ్ళు కొట్టుకుంటున్నా లేవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే అరచేతుల్లో వాసన ఇంకా సన్నగా ఉంది. అది చర్మానిదే అయిపోయింది.

పాత నూలు గౌను తొడుక్కుని కిటికీ దగ్గరకి వచ్చింది. పంజరం తలుపు తెరిచి, వేలు లోపలికి పెట్టకుండా, గుమ్మం ముందు అరచేయి చాచి పెట్టింది.

చిలుక ఎదురుమూలలో ఉంది. నిన్న ఆ చేత్తోనే కదా ఆమె చట్టి తెచ్చింది. అది ఆ చేతిని చూసింది. పించం లేవలేదు, ఈల వెయ్యలేదు, బుసకొట్టనూ లేదు. ముక్కుతో కర్రని కాసేపు గీరింది. గింజ ఒకటి ఏరి, వలిచి, నిదానంగా తింది. మళ్ళీ చేతిని చూసింది.

"నీ ఇష్టం," అంది హోసియత్. "తొందరేం లేదు."

కర్ర మీద ఒక అడుగు ఇటు వేసింది. ఆగింది. హోసియత్ జుట్టులోంచి నీళ్ళు వీపు మీదకి కారుతున్నాయి. బజారులో ఇన్నేళ్ళు చేయి చాచింది గానీ, ఎవరి ముందూ ఇంతసేపు నిలబడలేదు. ఆలస్యం చేసిన వాడిని చూసి ఉమ్మేసి ముందుకు పోయేది. భుజం లాగింది. చిలుక ఇంకో అడుగు వేసి, తలుపు అంచు దాకా వచ్చి, ఆమె చూపుడు వేలిని వాసన చూసి, తల విదిలించి, మళ్ళీ ఆలోచనలో పడింది.

ఆమె చేయి తియ్యలేదు.